గ్రహణం – మొర్రి పెదవి – ఒక తల్లి ఉత్తరం

(రేడియో ప్రసంగ పాఠం)

 

ఈ దినము మన ధ్యానానికి రెండు వాక్యభాగాలు. ఒకటి యోహాను సువార్త 9వ అధ్యాయము మొదటి మూడు వచనములు. పుట్టు గ్రుడ్డివాడైన ఒకనిని చూచి, ఇది ఎవరి పాపమువలన కలిగినదని శిష్యులు ప్రభువును అడిగిన సందర్భము. రెండవది యిర్మీయా గ్రంథము 10వ అధ్యాయము 2వ వచనము. ఆకాశములోని గురుతులను చూచి ఇతరులు భయపడినట్టు మీరు భయపడవద్దని దేవుడు తన ప్రజలకు చెప్పిన మాట. మీ దగ్గర బైబిలు ఉంటే ఆ రెండు పుటలలో గుర్తు పెట్టుకొనండి.

కొంతకాలం క్రిందట దివిసీమ ప్రాంతం నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాసింది. ఆమె పేరు గాని ఊరు గాని నేను చెప్పను. ఉత్తరంలోని సంగతి ఇది. "అయ్యగారూ, నాకు 2023 జనవరిలో మగబిడ్డ పుట్టాడు. పై పెదవి చీలి ఉంది. 2022లో దీపావళి మరునాడు సాయంత్రం గ్రహణం పట్టినప్పుడు నేను పెరట్లో ఆరేసిన బట్టలు తీయడానికి బయటకు వెళ్ళాను. అందుకే బిడ్డకు గ్రహణం మొర్రి వచ్చిందని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. మాది ప్రార్థన చేసుకునే కుటుంబమే. అయినా నన్నే తప్పు పడుతున్నారు. గ్రహణం పెట్టిన గుర్తును డాక్టరు తీయకూడదని ఆపరేషనుకు ఒప్పుకోవడం లేదు. బిడ్డకు మాటలు వస్తున్నాయి గాని సరిగా పలకలేకపోతున్నాడు. నేను నిజంగా నా బిడ్డకు కీడు చేశానా?"

ప్రియులారా, ఈ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదవలేకపోయాను. శిష్యులు అడిగిన ప్రశ్ననే ఈనాడు ఒక క్రైస్తవ కుటుంబం తన కోడలిని అడుగుతోంది. ఎవరు పాపము చేసారు? అమ్మా, నీకు జవాబు ఈ దినము చెప్తాను. నీ ఒక్కదానికే కాదు, నీ అత్తగారికి, మామగారికి, నీ భర్తకు కూడ. అందరూ రేడియో దగ్గర కూర్చోండి.

మొదట గ్రహణమంటే ఏమిటో చూద్దాం. భూమికీ సూర్యునికీ మధ్యకు చంద్రుడు వస్తే చంద్రుని నీడ భూమిమీద పడుతుంది. అది సూర్యగ్రహణం. అంతకు మించి ఏమీ లేదు. ఎండలో తాటిచెట్టు నీడ మన మీద పడినట్టే చంద్రుని నీడ కూడ పడుతుంది. ఈ నీడ ఎప్పుడు ఎక్కడ పడుతుందో ముందుగానే లెక్క కట్టవచ్చు. 18 సంవత్సరాల 11 దినములకొకసారి ఇంచుమించు అదే రీతి గ్రహణం తిరిగి వస్తుందని ప్రాచీన బబులోను దేశస్థులకే తెలుసు.

ఇందుకు మన ప్రాంతమే సాక్ష్యం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన కృష్ణా, గుంటూరు సీమల మీదుగా వెళ్ళింది. అది ముందే తెలుసు గనుక ఫ్రాన్సు దేశం నుండి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రం దాటి గుంటూరుకు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణి పెట్టాడు. ఐదు నిమిషాలకు పైగా పగలు చీకటి అయింది. సూర్యుని అంచున లేచే అగ్నిజ్వాలల వెలుగును జాన్సెన్ పరీక్షించాడు. ఆ సంవత్సరం జరిగిన పరిశీలనలలో అంతవరకు భూమిమీద ఎవరికీ తెలియని ఒక పసుపు వెలుగు గీత బయటపడింది. దానినిబట్టి సూర్యునిలో ఒక కొత్త పదార్థమున్నదని తలంచి హీలియం అని పేరు పెట్టారు. భూమిమీద అది దొరికింది 1895లో. గుంటూరు గ్రహణం వరుసలోనిదే 2012 నవంబరు 13న ఆస్ట్రేలియా మీద పడింది. మరల 2030 నవంబరు 25న రావలసి ఉంది.

గమనించండి. మనవారు తలుపులు మూసుకున్న ఆ ఘడియలోనే, తలుపు తెరిచి చూచినవారికి దేవుని సృష్టిలోని ఒక మరుగైన సంగతి దొరికింది.

అయితే ఎవరైనా అడగవచ్చు. "అయ్యగారూ, ఆకాశానికీ మన బ్రతుకుకూ ఏ సంబంధమూ లేదంటారా?" అలా అనను. అలా అంటే అబద్ధమవుతుంది. ఆదికాండము మొదటి అధ్యాయము 14వ వచనములో జ్యోతులను కాలములను, దినములను, సంవత్సరములను తెలుపుటకు దేవుడు ఉంచాడని చూస్తాము. సంబంధమున్నది. ఆ సంబంధం ఎటువంటిదో తెలిసికొనాలి.

మొదట చంద్రుణ్ణి తీసికొనండి. హంసలదీవి దగ్గర, నాగాయలంక దగ్గర మన మత్స్యకార సహోదరులను అడగండి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది. అష్టమి నాటికి తగ్గుతుంది. చంద్రుడు, సూర్యుడు కలిసి సముద్రాన్ని లాగడమే కారణం.

ఇక సూర్యుడు. సూర్యుని మీద నల్లని మచ్చలు ఇంచుమించు 11 సంవత్సరాలకొకసారి పెరిగి తగ్గుతాయి. ఆ చక్రంలో సూర్యుని వెలుగు మారేది వెయ్యింట ఒక వంతు మాత్రమే. కాని మచ్చలు పెరిగిన కాలంలో సూర్యుని నుండి తుపానులు లేస్తాయి. మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పూర్వం సేషెల్స్ ద్వీపాల నుండి షార్ట్ వేవ్ మీద ఫెబా రేడియో కార్యక్రమాలు వినేవాళ్ళం. సూర్యునిలో పెద్ద మంట లేచినప్పుడు పగటి పూట షార్ట్ వేవ్ శబ్దం క్షీణించి పోతుంది. 2024 మే నెలలో లేచిన సౌర తుపాను వలన లదాఖ్‌లోని హన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబడింది. ఇలాంటివాటిని కనిపెట్టడానికే మన శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న ఆదిత్య ఎల్-1ను పంపించారు. 2024 జనవరి 6న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన స్థానానికి చేరింది.

తరువాత గ్రహాలు. బృహస్పతి సూర్యుని చుట్టి రావడానికి 11 సంవత్సరాల 10 నెలలు పడుతుంది. మన కృష్ణా పుష్కరాలు పన్నెండేళ్ళకొకసారి వచ్చేది ఆ లెక్క మీదనే. 2004లో వచ్చాయి, 2016లో వచ్చాయి. బృహస్పతి లాగే బలం భూమికి తగలదా? తగులుతుంది. బృహస్పతి, శుక్రుడు కలిసి లాగడం వలన భూమి తిరిగే దారి ఒకప్పుడు గుండ్రంగాను ఒకప్పుడు కొంచెం కోలగాను మారుతుంది. ఆ చక్రాలలో ఒకటి పూర్తి కావడానికి 4 లక్షల 5 వేల సంవత్సరాలు పడుతుంది! ఒకరి పెళ్ళి ముహూర్తాన్ని మార్చే తొందర దానికి లేదు.

సెర్బియా దేశస్థుడైన మిలాంకోవిచ్ అనే ఇంజనీరు ఈ లెక్కలు కట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అతనిని నిర్బంధించి బుడాపెస్టులో ఉంచితే, అక్కడి గ్రంథాలయంలో కూర్చుని పని సాగించాడు. భూమి వంపు 41,000 సంవత్సరాలకొకసారి పెరిగి తగ్గుతుంది. తిరిగే బొంగరం తల ఊగినట్టు భూమి ఇరుసు ఇంచుమించు 26,000 సంవత్సరాలకొకసారి ఊగి వస్తుంది. దారి ఆకారం ఇంచుమించు లక్ష సంవత్సరాల చక్రంలో కూడ మారుతుంది. వీటివలన ఎండ పంపకం మారి, మంచుయుగాలు వచ్చి పోయాయని అతడు చెప్పాడు. 1976లో సముద్రగర్భపు బురదను పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఆ బురదలో ఇవే చక్రాలు కనబడ్డాయి.

ఇది ఎక్కడో జరిగిన సంగతి అనుకోవద్దు. మనం నిలబడిన ఈ నేల కథే ఇది. ఇంచుమించు 20,000 సంవత్సరాల క్రిందట నీరంతా ఉత్తర దేశాలలో మంచుగా గడ్డకట్టి ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటె 120 మీటర్లు దిగువన ఉండేది. ఎండ పంపకం మారి మంచు కరిగింది, సముద్రం పైకి వచ్చింది. ఇంచుమించు 11,000 సంవత్సరాల క్రిందట భూమి సూర్యునికి దగ్గరయ్యేది వేసవిలో. ఇప్పుడు జనవరిలో. అందుచేత ఆ కాలంలో మన నైరుతి వానలు మరింత బలంగా కురిశాయి. తరువాత సముద్రం పెరగడం నెమ్మదించినప్పుడు కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు పేరుకుని ఈ డెల్టా అయింది. అవనిగడ్డ, కూచిపూడి, మొవ్వ పొలాలలో మనం నాటే వరి ఆ ఒండ్రులోనే వేళ్ళు పెడుతుంది. భూమి ఊగకపోతే ఈ నేల ఇలా ఉండేది కాదు. మన పళ్ళెంలో అన్నం వెనుక ఆకాశ చక్రాలున్నాయి!

ఇంకా పెద్ద చక్రం ఉంది. సూర్యుడే తన గ్రహాలన్నిటితో పాలపుంత చుట్టూ తిరుగుతున్నాడు. ఒకసారి తిరగడానికి 22 నుండి 25 కోట్ల సంవత్సరాలు. ఆ ప్రయాణంలో తోకచుక్కలు చెదిరి భూమిమీద పడి జీవరాశులు నశించి ఉండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు తలంచారు. అది నేటికీ రుజువు కాలేదు. రాక్షసబల్లులు నశించింది 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట. అప్పుడు ఆకాశం నుండి ఒక పెద్ద రాయి మెక్సికో తీరాన పడింది. ఇంచుమించు ఆ కాలంలోనే దక్కను లావా పొంగి మన గోదావరి వరకు ప్రవహించింది. పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి ఆ లావాయే. మన రోడ్లమీద మనం తొక్కే కంకరలో ఆ కాలపు సాక్ష్యముంది.

ఈ సంవత్సరాల లెక్క విని కొందరు విశ్వాసులు కలవరపడవచ్చు. దేవుని దృష్టికి వెయ్యి సంవత్సరాలు గడిచిపోయిన ఒక దినమువంటివని 90వ కీర్తనలో మోషే ప్రార్థించాడు గదా. కాలము పెద్దదైనంత మాత్రాన దేవుడు చిన్నవాడు కాడు.

ఇప్పుడు ఇవన్నీ కలిపి చూడండి. చంద్రుడు సముద్రమంతటినీ లాగుతాడు. భూమి వంపు ఖండాలన్నిటికీ వాతావరణం మారుస్తుంది. సూర్యుని తుపాను ఒక అర్ధగోళానికంతటికీ తగులుతుంది. ఆకాశం తాకితే అందరినీ కలిపి తాకుతుంది. ఏ చక్రమూ ఒక పెరట్లోకి దిగి, బట్టలు తీసే ఒక గర్భిణీ స్త్రీని వెదకి, ఆమె బిడ్డ పెదవిని చీల్చదు. తండ్రి తన సూర్యుణ్ణి మంచివారిమీదను చెడ్డవారిమీదను ఉదయింపజేస్తున్నాడని ప్రభువు కొండమీద చెప్పాడు. వెలుగు విషయంలో పక్షపాతం లేదు. నీడ విషయంలోనూ లేదు.

ఇప్పుడు అమ్మా, నీ బిడ్డ సంగతికి వస్తాను. నేను డాక్టరును కాను, గాని డాక్టర్లను అడిగి తెలిసికొన్నాను. తల్లి గర్భంలో బిడ్డ ముఖం రెండు ప్రక్కల నుండి పెరిగి మధ్యలో కలుస్తుంది. పై పెదవి కలిసేది గర్భం ధరించిన 4వ వారం నుండి 7వ వారం లోపల. అది కలవకపోతే చీలిక మిగులుతుంది. లోకమంతటా ఇంచుమించు 700 మంది శిశువులలో ఒకరు ఇలా పుడుతున్నారు. గ్రహణమంటే ఏమిటో తెలియని దేశాలలో పుడుతున్నారు, గ్రహణం పట్టని సంవత్సరాలలో పుడుతున్నారు. వంశంలో ఉండడం, తల్లికి చక్కెర వ్యాధి, కొన్ని మందులు, పొగ – ఇవి కొంత కారణం కావచ్చు. ఎక్కువసార్లు ఇదీ కారణమని వేలు పెట్టి చూపలేరు.

ఇప్పుడు లెక్క చూడు. నీ బిడ్డ పుట్టింది 2023 జనవరిలో. గ్రహణం 2022 అక్టోబరు 25న. అప్పటికి నీకు ఏడో నెల. బిడ్డ పెదవి రూపం నెలల క్రిందటే, వేసవిలోనే నిర్ణయమైపోయింది. నీవు బట్టలు తీసిన సాయంత్రానికి చేయవలసినదీ చెడవలసినదీ ఏమీ మిగలలేదు. ఒకవేళ ఆ గ్రహణం రెండవ నెలలోనే పట్టి ఉన్నా నీడ నీ కడుపును ముట్టేది కాదు. నీడకు చేతులు లేవు, కత్తిపీటా లేదు. అమ్మా, నీవు నీ బిడ్డకు కీడు చేయలేదు. దేవుని సేవకునిగా ఈ మాట చెప్తున్నాను.

గ్రహణంలో ఒక్క అపాయముంది. వట్టి కళ్ళతో సూర్యుణ్ణి చూస్తే కంటిచూపు పోవచ్చు. తగిన కళ్ళద్దాలు లేకుండ చూడవద్దు, పిల్లలను చూడనివ్వవద్దు. అంతే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2010 జనవరి 15న, సంక్రాంతి పండుగ రోజులలో మధ్యాహ్నం గ్రహణం పట్టింది. నా భార్య గర్భవతి. మా అమ్మ మూడు తరాల క్రైస్తవురాలు. అయినా కిటికీలు మూసి, కోడలిని కదలకుండ పడుకోబెట్టి, మంచినీళ్ళు కూడ ఇవ్వలేదు. నేను సెమినరీలో చదివి వచ్చినవాడిని. యిర్మీయా గ్రంథం మీద పరీక్ష వ్రాసినవాడిని. పక్క గదిలో కూర్చుని ఒక్క మాట అనలేదు. పెద్దావిడ మనసు నొప్పించడం ఎందుకనుకున్నాను. దాహంతో ఉన్న భార్య మనసు నొప్పించినట్టు తరువాత తెలిసింది. మా బిడ్డ ఆరోగ్యంగా పుట్టాడు. ఆ మాట చెప్పి మా అమ్మ, "చూశావా, నేను జాగ్రత్త పడ్డాను గనుకనే" అంది. ఆలోచించండి. బిడ్డ బాగుంటే ఆచారానికి ఘనత. బాగుండకపోతే కోడలికి నింద. ఈ తక్కెడ న్యాయమైనదా? అప్పుడు మౌనంగా ఉన్నందుకు ఈ దినము బహిరంగంగా మాట్లాడుచున్నాను.

అత్తగారూ, మామగారూ, మిమ్మును ఎగతాళి చేయడం లేదు. భయం ప్రేమలో నుండే పుట్టింది. మనుమడు బాగుండాలనే ఆశతోనే ఆ మాట అన్నారు. కాని ఆ ప్రేమ దారి తప్పి కోడలి మీద రాయి అయింది. ఆ రాయిని క్రింద పెట్టండి.

దివిసీమవారికి ఇంకొక సంగతి గుర్తు చేస్తాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆనాడు కూడ ఇది గ్రహచారమనీ, ఫలానావారి పాపమనీ అన్నవారున్నారు. ఆ దినము అమావాస్య కాదు, పౌర్ణమి కాదు. అమావాస్య 11వ తేదీనే వెళ్ళిపోయింది. చంద్రుడు సగమై, సముద్రపు పోటు తక్కువగా ఉండవలసిన రోజు. నీటిని ఊరిమీదికి తోసింది తుపాను గాలి. పాపుల నెంచుకుని నీళ్ళు రాలేదు. గుడిసెలలో ఉన్నవారిని, హెచ్చరిక అందనివారిని తీసుకుపోయాయి. తరువాత మనలను కాపాడినది నింద కాదు. తుపాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, మడ అడవుల పెంపకం. ఎవరి పాపమని అడిగినంత కాలం ఒక్క గోడ లేవలేదు. ఏమి చేయాలని అడిగిన తరువాత లేచింది.

మరొక ప్రక్క కూడ జాగ్రత్త. ఇప్పుడు పెరుగుతున్న వేడిని చూచి, "అంతా సూర్యుని చక్రమే, మనం చేసేదేముంది" అనేవారు లేచారు. 1978 నుండి ఉపగ్రహాలు సూర్యుని వెలుగును కొలుస్తున్నాయి. అది పెరగలేదు. వేడికి ముఖ్య కారణం మనుష్యులు కాల్చే బొగ్గు, చమురు. కోడలి మీద లేని తప్పు మోపడం ఎంత పాపమో, మన తప్పును సూర్యునిమీద మోపడమూ అంతే.

చివరిగా యోహాను 9వ అధ్యాయానికి తిరిగి రండి. ఎవరు పాపము చేసారని శిష్యులు అడిగారు. ఇతడూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదు అని ప్రభువు ఆ ప్రశ్నకు అక్కడే తెర దించాడు. దేవుని క్రియలు వీనియందు కనబడాలి అన్నాడు. అని ఊరకుండలేదు. నేలమీదికి వంగి, బురద చేసి, ఆ కన్నులకు పూసి, కోనేటికి పోయి కడుగుకొమ్మని పంపాడు. చేతులు బురద చేసికొన్నాడు. శిష్యులు కారణం వెదికారు, ప్రభువు పనిలో దిగాడు.

ఆ కుటుంబమా, మీ సిలోయము కోనేరు ఆసుపత్రి. మొర్రి పెదవి ఆపరేషను సాధారణంగా బిడ్డకు మూడు నుండి ఆరు నెలల మధ్య చేస్తారు. వయసు దాటినా చేయవచ్చు, దారి మూసుకుపోలేదు. ఆలస్యమైనకొద్దీ మాట సరిచేయడం కష్టం గనుక ఇక ఆగవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గ్రహణం మొర్రికి ఉచిత వైద్యం ఉంది. మీ ఊరి అంగన్వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడగండి, ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. ఆపరేషను తరువాత మాట నేర్పించేవారి దగ్గరకు కూడ తీసుకువెళ్ళండి. కత్తి పట్టే ఆ డాక్టరు దేవునికి విరోధంగా పనిచేయడం లేదు. కోనేటి నీళ్ళు ప్రభువు పనికి విరోధమైనవా?

సంఘ పెద్దలారా, మీ ఊరిలో ఇటువంటి బిడ్డ ఉంటే ప్రార్థన చేసి ఊరుకోవద్దు. బస్సు చార్జీలకు చందా వేయండి. తల్లికి తోడుగా ఒక సహోదరిని పంపండి. వచ్చే గ్రహణం నాడు గర్భవతులైన మన కోడళ్ళకు కడుపునిండ అన్నం పెట్టండి, దాహమైతే నీళ్ళు ఇవ్వండి.

ప్రార్థన చేసికొందాం. పరిశుద్ధుడవైన తండ్రీ, సూర్యచంద్రులను వాటి దారులలో నడిపించువాడా, నీకు స్తోత్రము. కోట్ల సంవత్సరాల చక్రాలు నీ చేతిలో ఉన్నవి. ఒక పసివాని పెదవి కూడ నీ చేతిలోనే ఉన్నది. నిందతో నలిగిన ఆ తల్లిని ఆదరించుము. ఆ ఇంటివారి భయమును తీసివేయుము. వైద్యుల చేతులను దీవించుము. ఆ బిడ్డ నోరు తెరచి అమ్మా అని స్పష్టముగా పలుకు దినమును మాకు చూపించుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రియ శ్రోతలారా, వచ్చే వారం మరల ఇదే సమయానికి కలిసికొందాం. అంతవరకు ప్రభువు కృప మీకు తోడైయుండును గాక.